పీతతో చెప్పిన మాట

పోయిన వారం మనం ముంతాజ్‌ను మొగపాళెం పడవల రేవులో, మండే ఇసుకలో, చేతిలో ఖాళీ డబ్బాతో వదిలేసి వచ్చేశాం. పాపం, అప్పటినుంచీ ఆమె అక్కడే గొంతుక్కూర్చుని ఉంది. మనకు వారమైనా ఆమెకు అది రెండు నిమిషాలే, అదొక్కటే నయం.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. ముంతాజ్ డాక్టరే గానీ సూది వేసే డాక్టరు కాదు. నీళ్ళలో కలిసే విషాలు చేపల్నీ పీతల్నీ ఏం చేస్తాయో చూసే శాస్త్రవేత్త, నెల్లూరు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. మైపాడుకు అవతల మొగపాళెం ఏట్లో మండపీతలు ఎందుకు మాయమైపోతున్నాయో తేల్చడానికి రెండేళ్ళుగా ఆ ఊరి చుట్టూ తిరుగుతోంది. ఊరంతా రొయ్యల ఫ్యాక్టరీ మురికినీళ్ళ గొట్టం వైపు వేలు చూపించింది. నిజం చెప్పాలంటే ఆమె వేలూ అటే ఉండేది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు ఏట్లోకి రెండో గొట్టం వేస్తానంటోంది. జనం ఏమంటారో వినడానికి రేపు పొద్దున అధికారులు వస్తున్నారు. ఊరి తరఫున మాట్లాడాల్సింది ముంతాజే. తీరా పరీక్ష ఫలితాలు వచ్చి చూస్తే, పీత పిల్లల్ని ఎక్కువగా చంపుతున్నది ఫ్యాక్టరీ నీళ్ళు కాదు, వరికి కొట్టే పురుగుల మందు. ఈ ఎండల్లో పొలాల నీళ్ళు ఏట్లోకి దిగవు. మరి ఎక్కడిది? పడవ అడుగుకు రంగు పూస్తున్న మనిషి పక్కన పడి ఉన్న డబ్బా ఎత్తి వాసన చూస్తే తెలిసింది. మూత తిప్పితే ఇంకోటి కూడా తెలిసింది. మూత మీద నీలం రంగుతో బొటనవేలి ముద్ర. అట్లా ముద్ర వేసి అమ్మే అంగడి ఈ చుట్టుపక్కల ఒకటే ఉంది. అది ఆమె అన్న షఫీక్‌ది.

ఇక పదండి.

స్కూటర్ మీద మైపాడు సెంటర్ చేరేదాకా ఆమె మనసు ఒకటే మాట పట్టుకుని వేలాడింది. అన్న డబ్బాల్లో ఇంకెవరో ఇంకేదో పోసుకుని వాడుతున్నారేమో అని. ఆశకు సిగ్గుండదు కదా. అంగడి ముందు స్కూటర్ ఆపి, లోపలికి పోయి, డబ్బాను అన్న ముందు పెట్టింది.

షఫీక్ ముఖంలో తత్తరపాటేమీ లేదు. పైగా మురిసిపోయాడు. తాళ్ళు, వలల బెండ్లు, రంగులు అమ్ముకునే మనిషి. తాను సొంతంగా కనిపెట్టింది ఒకటి చదువుకున్న చెల్లెలి కళ్ళబడిందని సంబరం.

"గుల్లమందు గదా ఇది. నా చేత్తో కలిపిందే," అన్నాడు. "ఏం, మీ ఆఫీసు పడవకు గూడా కావాల్నా?"

"ఇందులో ఏం కలిపినావన్నా?"

"పడవ అడుగున గుల్లలు అతుక్కుంటాయి గదా. పడవ బరువెక్కతాది, డీజిలు తాగతాది, మనకంటే ముందు పక్క ఊరోళ్ళు పోయి చేప పట్టేస్తారు. మామూలు రంగు ఎంత పూసినా గుల్ల ఆగదు. అందులో వరిమందు కలిపితే ఇంగ దగ్గరికి రాదు. మనుబోలు అంగళ్ళలో అమ్ముడుపోక మిగిలింది తెచ్చి కలపతా. మొగపాళెం హజరత్తయ్య మామ ముందు తన పడవకు పూసి చూసినాడు. సీజనంతా అద్దంలాగా ఉండింది అడుగు. ఇంగ ఊరంతా అదే."

"ఎప్పటినుంచి?"

"పీతలు తగ్గకముందు..." అని మొదలుపెట్టి, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని అప్పుడు గమనించి షఫీక్ ఆగిపోయాడు.

ముంతాజ్ అన్న కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు చూసింది. గోళ్ళ సందుల్లో నీలం రంగు. వేళ్ళ చివర చర్మం ఎండి పగిలి ఉంది.

"కలిపినాక చేతులు ఎట్లా ఉంటాయి?"

"రొంతసేపు చీమలు పాకినట్టు ఉంటాది. కడుక్కుంటే పోతాది."

"పీత పిల్లకు కడుక్కునేదానికి వీల్లేదన్నా. అది ఉండేదే ఆ నీళ్ళలో." ఆమె చెయ్యి వదిలింది. "పురుగూ పీతా దగ్గర చుట్టాలు. రెండింటికీ ఒంటి మీద పెంకే, కాళ్ళకు కీళ్ళే. వరి పురుగును చంపేది పీత పిల్లను ఊరికే ఎట్లా వదుల్తుంది? ఏడాదేడాదీ వేట ఆగే ఈ రెండు నెలల్లోనే పడవలన్నీ ఒడ్డుకు లాగి, పాత రంగు గోకి ఏటి ఒడ్డునే పారేసి, కొత్తది పూస్తారు. చేపా పీతా పిల్లలు పెట్టుకోవాలనే గదా వేట ఆపేది. ఆ పిల్లలు వచ్చే వేళకు మనం విషం తయారుగా పెడతా ఉండాం."

షఫీక్ స్టూలు మీద కూలబడ్డాడు. మంచివాడే, ఎవరికీ చెడు తలపెట్టే రకం కాదు. తెలియక చేసినవాడికి తెలిసిన క్షణం చాలా చెడ్డది. డబ్బా మూత మీది తన ముద్రను బొటనవేలితో రుద్దాడు, నీలం రంగు చెరగలేదు.

"రేపు ఇది చెప్తావా?" అని అడిగాడు.

"చెప్పాలి."

"నా పేరు చెప్పుకో. తప్పు నాది, నేను పడతా. ఊరి పేరు ఎత్తబాక ముంతాజ్. తుఫానులో రోడ్డు తెగిపోయిన రోజు అబ్బా చనిపోతే, పడవలో పెట్టి ఏరు దాటించింది ఎవురు? హజరత్తయ్య మామ గాదా? ఆయన లేకపోతే అబ్బాకు మట్టి ఇచ్చేదానికి గూడా మనకు దారి లేదు ఆ పొద్దు."

ముంతాజ్‌కు అది ఒకరు గుర్తుచెయ్యాలా? ఆ పడవలో తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నది ఆమే. మొత్తానికి ఒకటి మాత్రం నిశ్చయించుకుంది. రేపు అధికారులు వినేముందు, ఈ సాయంత్రమే ఊరు వినాలి. వాళ్ళ వెనక మాట్లాడకూడదు.

మొగపాళెంలో ఏ సంగతైనా తేలేది తుఫాను షెల్టర్ ముందరి ఇసుకలోనే. ఆమె వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. రేపటి సభకు ఎవరు ఏం మాట్లాడాలో అనుకోవడానికి మగవాళ్ళంతా చాపలు వేసుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళు అలవాటు ప్రకారం దూరంగా వలల కుప్ప దగ్గర చేరారు, అన్నీ వింటూ, ఏమీ విననట్టు. అవతల రేవులో పడవలు వరసగా ఒడ్డెక్కి ఉన్నాయి, అడుగుల మీద నీలం రంగు తళతళలాడుతోంది. వాటిని నీళ్ళలోకి తోసే ట్రాక్టరు పక్కనే ఆగి ఉంది. దాని టైర్లకు ఎర్ర గ్రావెల్ మట్టి అంటుకుని ఉండడం ముంతాజ్ కంట్లో పడింది. మొగపాళెంలో ఎటు తవ్వినా తెల్లటి ఇసుకే. ఎర్ర మట్టి ఫ్యాక్టరీ కొత్త రోడ్డు మీదే ఉంది. అప్పుడు ఆమె దాని గురించి ఏమీ అనుకోలేదు. ఆ సాయంత్రం ఆమెకు అంత తీరిక ఎక్కడిది.

"రా తల్లీ, నీ గురించే అనుకుంటా ఉండాం," అన్నాడు హజరత్తయ్య. ఊరికి పెద్దకాపు ఆయన. వెడల్పాటి భుజాలు, తెల్లబడిన మీసం. పుట్టిన మగపిల్లలు దక్కడం లేదని వాళ్ళమ్మ దర్గాకు మొక్కుకుంటే పుట్టాడట, అందుకే ఆ పేరు. షఫీకునూ ముంతాజునూ ఎప్పుడూ పరాయివాళ్ళుగా చూసింది లేదు. "రేపు ఆ దొరలకు నువ్వు చెప్పబోయేది ముందు మాకు చెప్పు. మేము గూడా రొంత గొంతు కలపతాం."

ముంతాజ్ సంచిలోంచి డబ్బా తీసి చాపల మధ్య ఇసుకలో పెట్టింది. అందరూ దాన్ని చూశారు, వెంటనే చూడనట్టు తలలు తిప్పుకున్నారు. తరువాత ఆమె చెప్పింది. తడబడకుండా, ఎవరినీ తప్పు పట్టకుండా, షఫీక్ పేరు మొట్టమొదట పెట్టి చెప్పింది. గొట్టం దగ్గర నీళ్ళలో పెంచిన పీత పిల్లలు ఏమయ్యాయో, రేవు దగ్గర నీళ్ళలో పెంచినవి ఏమయ్యాయో చెప్పింది.

"అయితే ఆ ఫ్యాక్టరీ నీళ్ళు గంగాజలమా?" అన్నాడు హజరత్తయ్య.

"కాదు మామా. ఆ నీళ్ళలో పిల్లలు ఎదగవు. పెంకు విడిచి పెద్దవి కావాలంటే నానా తంటాలు పడతాయి. బతుకుతాయి, అంతే. మన రేవు నీళ్ళలోవి తెల్లారేసరికి వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటా ఉంటాయి. రెండూ చెడ్డవే. రెండోది ముందు చంపుద్ది."

"అయితే మొదటిది చెప్పు. రెండోది ఇంగో పొద్దు చెప్పుకుందాం." ఆయన గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టే ఉంది. "అబద్ధం ఆడమంటా ఉండానా నిన్ను? సగం చెప్పమంటా ఉండా. ఆ గొట్టం ఆగిపోనీ. తరవాత నువ్వేం చెప్తే అది చేస్తాం."

ఒప్పుకుంటే ఎంత హాయి. ముంతాజ్‌కు ఒక్క క్షణం ఒప్పుకోవాలనే అనిపించింది, ఇందులో దాచేదేముంది. ఊరు దక్కుతుంది, అన్న దక్కుతాడు, గొట్టం కూడా ఆగుతుందేమో. కానీ రెండేళ్ళుగా గాజు తొట్లలో తన కళ్ళ ముందు కాళ్ళు కొట్టుకున్న పిల్లలు ఆమెను వదల్లేదు.

"సగం నేను చెప్తే మిగతా సగం కంపెనీ చెప్తుంది మామా. నీళ్ళు పరీక్ష చేసేవాళ్ళు వాళ్ళ దగ్గర మాత్రం లేరా? అప్పుడు నేను చెప్పిన మొదటి సగం గూడా అబద్ధమే అంటారు. నేను మీకు దేనికీ పనికిరాకుండా పోతాను. అదే మనమే లేచి, మా తప్పు ఇది, మేము దిద్దుకుంటాం, మీ తప్పు మీరు దిద్దుకోండి అన్నామనుకో, అప్పుడు మనల్ని ఎవరు ఏమనగలరు?"

"బో చెప్పినావమ్మా," అన్నాడు హజరత్తయ్య పక్కన కూర్చున్న నరేంద్రబాబు. పెద్దకాపు అల్లుడు. ఆ ట్రాక్టరు అతనిదే, ఊళ్ళో ఏ పడవ నీళ్ళలోకి దిగాలన్నా అతని చెయ్యి పడాలి. "కంపెనీ మన మీద పెట్టేదానికి సాకు కోసం చూస్తా ఉంటే, నువ్వే పళ్ళెంలో పెట్టి ఇస్తానంటా ఉండావు."

"ఇంకోటి కూడా అడగాలని వచ్చాను," అంది ముంతాజ్, అతన్ని కాక పెద్దకాపునే చూస్తూ. "ఎల్లుండితో వేట విరామం అయిపోతుంది. అదే అమావాస్య పోటు. సముద్రంలో పుట్టిన పీత పిల్లలు ఆ పోటుతోనే, ఏరు సముద్రంలో కలిసే మొగలోంచి మన ఏట్లోకి వస్తాయి. ఈ రంగుతో పడవలు దించితే ఈ ఏడు కూడా ఒక్కటి మిగలదు. పడవల్ని ఏటికి దూరంగా లాగి, ఈ రంగు గోకి, గోకింది పాతిపెట్టి, మామూలు రంగు వేసుకోండి. నాలుగు రోజులు ఆలస్యమవుతుంది. అంతే నేను అడిగేది."

"అంత చెడ్డదా ఆ రంగు?" అని అడిగాడు నరేంద్రబాబు.

"తడి ఆరకముందే దిగితే మరీ చెడ్డది. ఈ పడవలు ఇప్పుడు దిగినాయంటే, రేపు ఏట్లో ఎక్కడ చెంబు ముంచినా ఈ మందే దొరుకుద్ది. గొట్టం దగ్గర గూడా."

"ఎక్కడ ముంచినానా?"

"ఎక్కడైనా."

నరేంద్రబాబు తల ఊపి ఊరుకున్నాడు.

వలల కుప్ప దగ్గర్నుంచి ఒక ఆడగొంతు లేచింది. "మీ పడవలకు గుల్ల పట్టలేదు సరే, మా బుట్టలకు పీత గూడా పట్టడం లేదు గదరా తమ్ముడా. దాని సంగతి ఏందో గూడా అనుకోండి." హజరత్తయ్య అక్క వెంకటశేషమ్మ ఆమె. భర్త పోయినప్పటినుంచీ ఏటి బొరియల్లో పీతలు పట్టుకుని, కట్టి, మైపాడులో అమ్ముకుని బతుకుతున్న మనిషి. ఆ ఊళ్ళో పడవలు మగవాళ్ళవైతే పీతలు ఆడవాళ్ళవి. మగవాళ్ళు ఎవరూ అటు తిరగలేదు.

హజరత్తయ్య డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. "ముంతాజమ్మా. మీ అబ్బాను ఏరు దాటించింది నా పడవ. దానికి ఈ మందు పూసిచ్చింది మీ అన్న. ఈ పొద్దు వచ్చి, ఆ పడవే ఏటిని చంపిందని పదిమందిలో చెప్తానంటా ఉండావు. నీకు నోరెట్టా వస్తాది?"

ముంతాజ్‌కు ఏడుపు వచ్చింది, సిగ్గు వేసింది, ఆ వెనకే కోపం కూడా వచ్చింది. ఈ మూడూ ఒకేసారి వస్తే మనిషికి మాట రావడం కష్టం. అయినా తెచ్చుకుంది.

"రావడం లేదు మామా. అయినా చెప్పాలి. చెప్పకపోతే ఆ ఏరు దాటిన రుణం కూడా నాకు తీరదు."

ఆ మాటతో పెద్దకాపు ముఖం మూసుకుపోయింది. డబ్బా కింద పెట్టి లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి ఇసుకలో పరిచాడు. చూసి అందరూ లేచారు, ఎందుకంటే ఆ తువ్వాలు ఊరికే కిందికి దిగదు. దురాయి వెయ్యబోతున్నాడు.

ఈ తీరంలో పెద్దకాపు దురాయి వేశాడంటే అది ఊరందరి కట్టు. కోర్టులూ పోలీసు స్టేషన్లూ దాని తరువాతే. దాన్ని దాటిన ఇంటివాళ్ళను పెళ్ళికి పిలవరు, చావుకు రారు, వల మీద చెయ్యి వెయ్యనివ్వరు. గొంతు పెంచకుండానే చెప్పాడు హజరత్తయ్య.

"రేపటి సభ ముగిసేదాకా ఈ ఊళ్ళో ఏ ఇంటివాళ్ళూ ముంతాజ్‌తో మాట్లాడకూడదు. ఆమె అడిగితే పలకకూడదు, ఆమెను అడగకూడదు. గంగమ్మ సాక్షిగా దురాయి."

మొదట నరేంద్రబాబు వంగి తువ్వాలు తాకాడు. తరువాత ఇంటికొకరు. మగదిక్కు లేని ఇల్లు కాబట్టి వెంకటశేషమ్మ కూడా రావాల్సి వచ్చింది. పీతల బుట్ట చంకన పెట్టుకునే వచ్చి, తువ్వాలు తాకి, తమ్ముడి ముఖంలోకి చూసింది.

"తాకినా. నోరు కట్టుకున్నా. కూడు తినేదానికన్నా తెరవచ్చునా?" అంది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

ముంతాజ్ వెనక్కి తిరిగి నడిచింది. రెండేళ్ళుగా ఆ ఊళ్ళో ఏ గడప ముందు ఆగినా మంచినీళ్ళు తాగిపొమ్మని పిలిచేవాళ్ళు. ఇప్పుడు ఆమె పోతుంటే మనుషులు నేల చూశారు, ఆకాశం చూశారు. తిట్టినా బాగుండేది. తిట్టే మనిషికి ఎదురు చెప్పుకోవచ్చు, పలకని మనిషిని ఏం చేస్తాం. స్కూటర్ దగ్గర నిలబడి తాళంచెవి కోసం సంచిలో వెతుక్కుంటుంటే ఫోన్ మోగింది. షఫీక్.

"ముంతాజ్, కంపెనీ జీపు వచ్చి పోయింది ఇప్పుడే. వాళ్ళ దగ్గర గుల్లమందు డబ్బా ఉండాది, మూత గూడా తియ్యనిది. రేపు దాన్ని అధికారుల ముందర పెడతారంట. మొగపాళెం వాళ్ళే ఏట్లో విషం పోసుకున్నారని, నన్ను వచ్చి సాక్ష్యం చెప్పమంటా ఉండారు. చెప్పకపోతే కేసు నా మీద పెడతారంట."

"వాళ్ళకు ఎట్లా దొరికిందన్నా? నువ్వు ఊరోళ్ళకు తప్ప ఎవరికీ అమ్మవు కదా."

"అదే అడిగినా. ఆ జీపులో మనిషి నవ్వి చెప్పేసినాడు. మొగపాళెం మనిషే మా పక్క ఉండాడు, నువ్వేంది బెట్టు చేస్తావని. ఇచ్చింది ఎవురో చెప్తే నువ్వు నమ్మవు."

పేరు చెప్పాడు. ముంతాజ్ నమ్మింది. ట్రాక్టరు టైర్ల ఎర్ర మట్టి అప్పుడు గుర్తుకొచ్చింది.

పరుగున వెనక్కి వెళ్ళింది. షెల్టర్ ముందు మనుషులు ఇంకా లేవలేదు. చీకటి పడే వేళ, ముఖాలు సగం సగం కనబడుతున్నాయి.

"మామా, మన రహస్యం కంపెనీకి తెలిసిపోయింది. వాళ్ళ దగ్గర డబ్బా ఉంది. రేపు సభలో పెడతారంట. ఇంక దాచేదానికి ఏమీ లేదు."

ఎవరూ కదల్లేదు. విన్నారు. మెడలు బిగుసుకున్న తీరు చూస్తేనే తెలుస్తోంది విన్నారని. ఒక పెద్దాయన నోరు తెరవబోతే పక్కవాడు మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. హజరత్తయ్య సముద్రం వైపే చూస్తున్నాడు. తాను కట్టిన కట్టుకు తానే మొదట కట్టుబడాలి.

"ఎవరిచ్చారని ఒక్క మాట అడగండి మామా."

అడగలేదు. ఆ పేరు ముంతాజ్ తనంతట తానే చెబితే, దురాయి వేశారన్న కక్షతో పెద్దకాపు ఇంటి మీద నింద వేసిందంటారు. అడిగి చెప్పించుకుంటేనే అది మాట కింద లెక్క. అడిగే నోరు ఆ ఊళ్ళో ఒక్కటి కూడా లేకుండా పోయింది. ఊరిని కాపాడే కబురు తెచ్చి ఊరి మధ్యలో నిలబడి ఉంది, వినే చెవులు ఉన్నాయి, అందుకునే మనిషి లేడు.

వలల కుప్ప దగ్గర గాజులు గలగలమన్నాయి. వెంకటశేషమ్మ నింపాదిగా నడిచి వచ్చి, ముంతాజ్ కాళ్ళ ముందు బుట్ట దించి, దాని ఎదురుగా చతికిలబడింది. బుట్టలో ఒకటే పీత, తాడుతో కట్టేసి ఉంది. ఆ పొద్దంతా ఏట్లో దేవితే దొరికింది అదొక్కటే.

"ఏమ్మే పీతా," అంది, పీత కళ్ళలోకి చూస్తూ. "నా దురాయి ముంతాజమ్మతో మాట్లాడొద్దని. నీతో మాట్లాడొద్దని నా తమ్ముడు అనలా. అందుకని నిన్నే అడగతా ఉండా. ఆ డబ్బా కంపెనీవోళ్ళకు ఎవురిచ్చినారే?"

అందరూ పెద్దకాపు వైపు చూశారు. ఆయన వద్దనలేదు. సముద్రం వైపు నుంచి చూపు తిప్పలేదు, వద్దని కూడా అనలేదు.

ముంతాజ్ మెల్లగా బుట్టకు ఇవతల కూర్చుంది. జవాబు తాను కూడా పీతకే చెప్పింది.

"నా కళ్ళతో చూడలేదు పీతా. కంపెనీ మనిషి మా అన్నతో చెప్పినమాట ఇది. ఇచ్చింది పెద్దకాపు అల్లుడు నరేంద్రబాబు."

హజరత్తయ్య తల తిప్పాడు. ముంతాజ్ వైపు కాదు, పక్క చాప వైపు. చాప ఖాళీగా ఉంది. డబ్బా మాట ఎత్తగానే లేచి పోయినట్టున్నాడు, ఎవరూ గమనించలేదు.

సరిగ్గా అప్పుడు రేవులో ట్రాక్టరు స్టార్ట్ అయింది. రెండు లైట్లు వెలిగి, పడవల నీలం అడుగుల మీద పడ్డాయి.

ఏట్లో ఎక్కడ చెంబు ముంచినా. ముంతాజ్‌కు తాను అన్న మాటే మళ్ళీ వినిపించింది. నరేంద్రబాబు ఎందుకు రెండోసారి అడిగాడో ఇప్పుడు అర్థమైంది. రేపు అధికారులు గొట్టం దగ్గర నీళ్ళు తీసి చూసినా అందులో ఊరి మందే తేలాలి, అదీ అతని ఎత్తు.

హజరత్తయ్య వంగి ఇసుకలోంచి తువ్వాలు తీశాడు. దులపలేదు, మడత పెట్టలేదు, గుప్పిట్లో పట్టుకుని నేరుగా ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఊరంతా చూస్తుండగా, ఊరంతా వింటుండగా అడిగాడు.

"అమ్మా ముంతాజ్, ఆ రంగు తడి ఆరిందా?"

"ఆరలేదు మామా," అంది.

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా రేవు వైపు పరుగెత్తాడు. వెనకాలే ఊరు లేచింది. వరసలో మొదటి పడవ అప్పటికే కదులుతోంది. అట్లా నీళ్ళ వైపు జరుగుతున్నది హజరత్తయ్య పడవే, ఆమె తండ్రిని ఏరు దాటించినదే.